యాప్ దెప్పదు, మరి మనం?



ధ్యాన భాగాలు: 2 రాజులు 4:1-7, ద్వితీయోపదేశకాండము 24:10-13, యాకోబు 1:5. ముందుగా ఈ మూడు భాగాలూ చదువుకోండి. ఫోనులోని బైబిలులో చదివినా ఫర్వాలేదు. ఈ వారం మన ధ్యానం ఆ ఫోను గురించే.

మన ఊళ్ల నుంచి చదువుల కోసం హైదరాబాద్ వెళ్లిన పిల్లల్లో చాలామంది చేరేది అశోక్‌నగర్‌కే. డిగ్రీ అయిపోగానే ఒక పుస్తకాల సంచి, ఒక దుప్పటి పట్టుకుని గ్రూప్స్ అనీ, ఎస్సై అనీ, డీఎస్సీ అనీ బయలుదేరతారు. ఆ గల్లీల్లో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, స్టడీ హాళ్లు, జిరాక్స్ షాపులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. అటు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చెట్ల కింద కూడా పుస్తకం పట్టుకుని కూర్చున్న బిడ్డలే కనిపిస్తారు. ఇటు నారాయణగూడ వైఎంసీఏ దాకా నడిచినా ప్రతి టీ కొట్టు దగ్గరా కరెంట్ అఫైర్స్ గురించే మాటలు. మన సంఘంలో యౌవనస్థుల వరుస ఆదివారం పలచబడిందంటే వాళ్లలో కొందరు అక్కడ ఉన్నారని అర్థం.

అక్కడి జీవితం సగం యాప్‌ల మీద నడుస్తోంది. ఉద్యోగానికి దరఖాస్తు చేయాలంటే టీజీపీఎస్సీ వెబ్‌సైట్‌లో ఓటీఆర్ ఉండాలి. హాల్ టికెట్ ఆన్‌లైన్‌లోనే, కీ ఆన్‌లైన్‌లోనే, ఫలితం ఆన్‌లైన్‌లోనే. టెస్ట్ సిరీస్‌కు ఒక యాప్, నోట్సుకు టెలిగ్రామ్ చానెల్, పాఠాలకు యూట్యూబ్. ఊరికి రావాలంటే బస్సు ఎక్కడ ఉందో ఆర్టీసీ వాళ్ల గమ్యం యాప్‌లో చూసుకుంటారు. అది 2023లో వచ్చింది. చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా మెట్రో 2020 ఫిబ్రవరి నుంచి తిరుగుతోంది. దాని టికెట్ వాట్సాప్‌లోనే తీసుకోవచ్చు. టీ కొట్టులో పది రూపాయలు ఇవ్వాలన్నా ఫోను తీసి స్కాన్ చేయడమే. 2016లో మొదలైన యూపీఐ ద్వారా 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే 2,000 కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయంటే, ఇది పట్నం పిల్లల సరదా కాదు, దేశమంతా నడుస్తున్న దారి. మన ఊరి కూరగాయల అంగట్లో కూడా క్యూఆర్ కోడ్ అతికించి ఉంది కదా!

వీటి గురించి సంఘాల్లో రెండు రకాల మాటలు వింటున్నాం. మొదటిది, ఫోనంతా సాతాను వల, కొత్త యాప్ కనబడితే పారిపోవాలి అని. రెండోది, అది కేవలం పనిముట్టు, కత్తి లాంటిది, వాడేవాడి మీదే ఉంటుంది అని. ఈ రెండు మాటలతోనూ మేము ఏకీభవించడం లేదు.

మొదటి మాట ఎందుకు సరికాదంటే, పౌలు థెస్సలొనీక సంఘానికి మొదటి పత్రిక రాస్తూ చివర్లో, అన్నిటినీ పరీక్షించి మేలైనదాన్ని పట్టుకోమంటాడు. పరీక్షించమన్నాడు గానీ చూడకుండా పారేయమనలేదు. బస్సు ఎక్కడుందో తెలియక ఎండలో రెండు గంటలు నిలబడడంలో పరిశుద్ధత ఏమీ లేదు. రెండో మాట ఎందుకు చాలదంటే, కత్తి మనల్ని పిలవదు. మనం తీసేదాకా అది చూరులోనే ఉంటుంది. యాప్ అలా కాదు. రాత్రి పదకొండు గంటలకు తనంతట తానే మోగి, మీకు యాభై వేల అప్పు సిద్ధంగా ఉంది, ఒక్కసారి నొక్కండి అంటుంది. పిలిచే వస్తువును పనిముట్టు అని వదిలేస్తే సరిపోదు. అది ఎక్కడికి పిలుస్తోందో కూడా చూడాలి.

అందుకే కొత్త యాప్ ఏదైనా వేసుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోమని మా సలహా. ఇది వచ్చాక నేను ఎవరి తలుపు తట్టడం మానేస్తాను?

కొన్ని తలుపులు తట్టడం మానేసినా నష్టం లేదు. కరెంటు బిల్లు కట్టడానికి లైనులో నిలబడడం తప్పింది, మంచిదే. అమ్మ పంపిన మనియార్డరు కోసం పోస్టుమ్యాన్ దారి చూడడం తప్పింది, అదీ మంచిదే. ఆ మిగిలిన సమయంలో అమ్మతో పది నిమిషాలు మాట్లాడితే ఇంకా మంచిది. ఇంకొన్ని తలుపుల దగ్గర కాస్త ఆలోచించాలి. మెస్‌లో నలుగురితో కలిసి తినే పిల్లవాడు రోజూ గదికే పార్సిల్ తెప్పించుకుని ఒంటరిగా తింటుంటే, పోయింది నడక ఒక్కటే కాదు. కానీ అసలు ప్రమాదం ఇంకొక తలుపు దగ్గర ఉంది. అవసరం వచ్చినప్పుడు తట్టే తలుపు అది. అయ్యా, నాకు కష్టంగా ఉంది, చేబదులు కావాలి అని నోరు తెరిచి అడిగే తలుపు. ఆ తలుపు తట్టనక్కర్లేదని చెప్పి మన బిడ్డలను పిలుస్తున్నవి లోన్ యాప్‌లు.

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు ఇది ఎలా నడుస్తుందో తెలియదు.

బ్యాంకుకు వెళ్తే కాగితాలు అడుగుతారు, జీతం ఎంత అంటారు, జామీను ఎవరంటారు. ఉద్యోగం కోసం చదువుతున్నవాడికి జీతం ఎక్కడిది? మోసపు లోన్ యాప్ అవేమీ అడగదు. ఆధార్, పాన్, ఒక సెల్ఫీ, అంతే. ఐదు నిమిషాల్లో డబ్బు పడుతుంది. ఐదు వేలు అడిగితే ఫీజుల పేరు చెప్పి ముందే కోసుకుని మూడు వేల చిల్లర వేస్తారు. వారం రోజులకు ఐదు వేలూ కట్టమంటారు. అది కట్టడానికి ఇంకొక యాప్, దానికి మరొకటి. కానీ లెక్క కన్నా ఘోరమైనది వేరే ఉంది. యాప్ వేసుకునేటప్పుడు అది మీ కాంటాక్టులు చూడవచ్చా, ఫొటోలు చూడవచ్చా అని అడుగుతుంది. తొందరలో ఉన్న పిల్లవాడు సరే అని నొక్కుతాడు. గడువు దాటిన రోజు నుంచి అతని మేనమామకు, స్నేహితుడికి, చదువు చెప్పిన సారుకు ఫోన్లు మొదలవుతాయి. ఫొటోలు మార్చి పంపుతారు. దొంగ అని ముద్ర వేస్తారు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2020 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో ఈ వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు వరుసగా వచ్చాయి. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టి కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు, పలువురిని అరెస్టు చేశారు. అదే నెలలో రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించింది. తర్వాత 2022 సెప్టెంబర్‌లో నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం అప్పిచ్చే యాప్ అప్పు తీసుకున్నవాడి ఫోనులో కాంటాక్టులు, ఫొటోలు, కాల్ వివరాల జోలికి పోకూడదు. డబ్బు నేరుగా అతని బ్యాంకు ఖాతాలోనే పడాలి. ఏడాదికి మొత్తం ఎంత ఖర్చు పడుతుందో ముందే కాగితం మీద చూపించాలి.

ఈ నియమం చదివినప్పుడు మాకు ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం జ్ఞాపకం వచ్చింది. మోషే ద్వారా దేవుడు ఇశ్రాయేలీయులకు ఏం ఆజ్ఞాపించాడు? పొరుగువాడికి ఏదైనా అప్పిస్తే, తాకట్టు వస్తువు తెచ్చుకోవడానికి అతని ఇంట్లోకి వెళ్లకూడదు. బయటే నిలబడాలి. అప్పు తీసుకున్నవాడే దాన్ని బయటికి తెచ్చి ఇవ్వాలి. అతడు బీదవాడై తన వస్త్రం తాకట్టు పెడితే, పొద్దు గూకేలోగా తిరిగి ఇచ్చేయాలి. రాత్రి అతడు దాన్ని కప్పుకుని పడుకోవాలి కదా!

ఈ ఆజ్ఞలోని ప్రేమ గమనించండి. అప్పు తీసుకున్నంత మాత్రాన మనిషి గడప చెరిగిపోలేదు. అతని ఇల్లు ఇంకా అతనిదే. లోపల ఎన్ని కుండలు ఖాళీగా ఉన్నాయో, భార్య చీరకు ఎన్ని అతుకులున్నాయో చూసే హక్కు అప్పిచ్చినవాడికి లేదు. ఈ రోజు ఒక మనిషి ఇల్లంతా అతని ఫోనులోనే ఉంది. అమ్మ ఫొటో ఉంది, చెల్లెలి నంబరు ఉంది, సేవకునికి పంపిన ప్రార్థన మనవి ఉంది. కాంటాక్టులు తీసుకునే యాప్ గడప దాటి లోపలికి వచ్చిన అప్పులవాడే. దేవుడు బయట నిలబడమన్న చోట వాడు పడక గది దాకా వచ్చాడు. రిజర్వు బ్యాంకు 2022లో గీసిన గీత, దేవుడు ఎన్నో తరాల క్రితం మోయాబు మైదానంలో గీసిన గీతే.

ఇంతవరకు చెప్పింది పేపర్లలో కూడా వస్తుంది. ఇకమీద చెప్పేది మన సంఘానికి సంబంధించింది. కొంచెం కష్టంగా ఉన్నా చదవండి.

ఇంత ప్రమాదమని తెలిసి కూడా చదువుకున్న పిల్లలు ఆ యాప్‌ల దగ్గరకు ఎందుకు వెళ్తారు? జల్సాల కోసమే అని పెద్దలు అంటారు. కొందరి విషయంలో నిజం కావచ్చు. కానీ అశోక్‌నగర్ బిడ్డల లెక్క ఒకసారి చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశారు. ప్రశ్నపత్రాలు లీకయ్యాయని 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశారు. సెప్టెంబర్‌లో హైకోర్టు అదీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. జూన్ 9న మూడోసారి అదే ప్రిలిమ్స్ రాశారు. అక్టోబర్‌లో మెయిన్స్ జరిగాయి. ఏడాదిలో అయిపోతుందని ఇంట్లో చెప్పి వెళ్లినవాడికి రెండున్నరేళ్లు పట్టింది. అందులో అతని తప్పేమీ లేదు. కానీ హాస్టల్ ఫీజు ప్రతి నెలా ఒకటో తారీఖున వస్తూనే ఉంది. నాన్న పత్తి డబ్బులు ఏడాదికి ఒక్కసారే వస్తాయి.

అలాంటివాడికి నెలాఖరున మూడు వేలు తక్కువ పడితే ఎవరిని అడగాలి? నాన్నకు ఫోను చేస్తే, ఇంకా ఎన్నాళ్లురా అంటాడు. బాబాయిని అడిగితే, మావాడు చూడు, ప్రైవేటు కంపెనీలో చేరి నెలకు ఇరవై వేలు తెస్తున్నాడు అంటాడు. అత్తమ్మ అప్పటికి ఇస్తుంది గానీ పెళ్లిలో పది మంది ముందు ఆ మాట తీస్తుంది. సంఘ పెద్దను అడిగితే, ఆదివారం ప్రార్థన మనవుల్లో, ఫలానా తమ్ముడు అప్పుల్లో ఉన్నాడు, ప్రార్థించండి అని మైకులో వినిపిస్తుంది. ఆడపిల్ల అయితే ఇంకా కష్టం. ఇక చదివింది చాలు, వచ్చేయ్, సంబంధం చూస్తాం అంటారు. అడిగినందుకు చదువే పోతుంది.

యాప్ ఇవేమీ అనదు. ఎన్నాళ్లురా అనదు. ఇంకొకరితో పోల్చదు. మైకులో చెప్పదు. మొదటి రోజు అది ఎంతో మర్యాదగా ఉంటుంది. ప్రియులారా, మోసపు లోన్ యాప్ దగ్గర మన పిల్లలకు దొరుకుతున్నది డబ్బు కన్నా ముందు ఈ మర్యాదే. దెప్పిపొడుపు లేకుండా ఇచ్చే చోటు అనుకుని వాళ్లు అక్కడికి వెళ్తున్నారు. దెప్పడం మాత్రం మొత్తంగా తర్వాత వడ్డీతో కలిపి వస్తుంది.

ఇప్పుడు యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 5వ వచనం మళ్లీ చూడండి. జ్ఞానం కొదువగా ఉన్నవాడు దేవుణ్ణి అడగాలని యాకోబు చెబుతూ, ఆ దేవుడు ఎలాంటివాడో కూడా చెబుతాడు. ధారాళంగా ఇచ్చేవాడు, ఇస్తూ గద్దించనివాడు. ఎందుకు ఆ రెండో మాట చేర్చాడు? ఇచ్చేవాళ్లు లోకంలో ఉన్నారు. ఇచ్చి దెప్పనివాళ్లు అరుదు. అడగడానికి మనిషి భయపడేది లేదంటారని కాదు, ఇస్తూ ఏమంటారో అని. మన దేవుడు అలాంటివాడు కాదు కాబట్టి ధైర్యంగా అడగండి అంటున్నాడు యాకోబు. మరి ఆ దేవుని పేరు పెట్టుకున్న ఇంట్లో, ఆ దేవుని పేరు పెట్టుకున్న సంఘంలో, అడిగినవాడు తల దించుకుని పోవాలా?

ఒక ప్రశ్న మీకు రావచ్చు. అయ్యా, ఏమీ అడగకుండా ఇస్తే పిల్లలు పాడైపోరా? ఆన్‌లైన్ ఆటల్లో, బెట్టింగుల్లో పోగొట్టుకుని వచ్చినవాడికి కూడా ఇచ్చేయాలా? మంచి ప్రశ్న. దీనికి జవాబు ఎలీషా దగ్గర ఉంది.

రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయంలో ఒక విధవరాలు ఎలీషా దగ్గరకు వచ్చి మొర పెట్టింది. ఆమె భర్త ప్రవక్తల శిష్యుల్లో ఒకడు, దేవునికి భయపడినవాడు. అప్పు మిగిల్చి చనిపోయాడు. అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకులను దాసులుగా తీసుకుపోవడానికి వచ్చాడు. గమనించండి, ఇది దైవసేవకుని ఇంట్లో అప్పు. ఎలీషా ఏమన్నాడు? మీ ఆయన ఎందుకు అప్పు చేశాడు అనలేదు. ముందే ఎందుకు చెప్పలేదు అనలేదు. రెండే ప్రశ్నలు అడిగాడు. నీకు నేనేం చేయాలి? నీ ఇంట్లో ఏముంది? ఈ రెండు ప్రశ్నలూ ముందుకు చూసేవి. దెప్పే ప్రశ్న ఎప్పుడూ వెనక్కి చూస్తుంది. అడగడం తప్పు కాదు. అడిగే ప్రశ్న సహాయం కోసమా, సిగ్గుపరచడం కోసమా అన్నదే తేడా. బెట్టింగులో పోగొట్టుకున్న పిల్లవాడికి చేతికి డబ్బు ఇవ్వకపోవచ్చు. కానీ ఎంత ఉంది, ఎవరికి కట్టాలి, మళ్లీ దాని జోలికి పోకుండా ఏం చేద్దాం అని పక్కన కూర్చోవచ్చు. అదీ సహాయమే.

ఆ తర్వాత ఎలీషా చెప్పిన రెండు మాటలు కూడా మనకు కావాలి. ఒకటి, ఇరుగుపొరుగు వాళ్లందరి దగ్గరా ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకో, తక్కువ తేవద్దు. నూనె దేవుడు ఇస్తాడు, పాత్రలు మాత్రం పొరుగువాళ్లు ఇవ్వాలి. దేవుడు అద్భుతం చేసినా ఊరి సహాయం లేకుండా చేయలేదు. రెండు, నువ్వూ నీ కొడుకులూ లోపలికి వెళ్లి తలుపు మూసుకో. పాత్రలు ఇచ్చినవాళ్లు లోపలికి వచ్చి చూడలేదు. ఎవరి పాత్రలో ఎంత నిండిందో లెక్క రాసుకోలేదు. ఆమె నూనె అమ్మి అప్పు తీర్చింది, మిగిలినదానితో పిల్లలతో బతికింది. ఆమె పేరు కూడా బైబిలులో లేదు. సహాయం పొందినవాళ్ల గౌరవాన్ని దేవుడు ఎంత జాగ్రత్తగా కాపాడాడో చూడండి.

యాప్‌ల వల్ల ఇలాంటి పొరుగుతనం చచ్చిపోయిందని మేము అనడం లేదు. 2021 జూన్‌లో, కరోనా రోజుల్లో, నారాయణగూడ పక్కనే ఉన్న కింగ్ కోఠిలో జరిగిన సంగతి మీలో కొందరు పేపర్లో చదివే ఉంటారు. ఒకాయన జొమాటోలో టీ ఆర్డర్ చేశాడు. తెచ్చిన కుర్రవాడు వానలో తడిసి, మెహదీపట్నం నుంచి సుమారు తొమ్మిది కిలోమీటర్లు సైకిల్ తొక్కుకుంటూ ఇరవై నిమిషాల్లోపే వచ్చాడు. ఇంజినీరింగ్ చదువుతూ ఇంటికి ఆసరాగా ఆ పని చేస్తున్నాడు. ఆర్డర్ చేసినాయన పొట్లం తీసుకుని తలుపు వేసుకుని ఉండవచ్చు. యాప్ అడిగేది స్టార్లు ఎన్ని ఇస్తావనే కదా! కానీ ఆయన కిందికి వచ్చి, కుర్రవాడి ముఖం చూసి, నాలుగు మాటలు అడిగాడు. అనుమతి తీసుకుని ఆ సంగతి ఫేస్‌బుక్‌లో హైదరాబాద్ తిండి ప్రియుల గ్రూపులో పెట్టాడు. ఒక రోజు కూడా గడవకముందే సుమారు 73 వేల రూపాయలు పోగయ్యాయి. కుర్రవాడు ఖరీదైన బండి అడగలేదు, టీవీఎస్ ఎక్స్‌ఎల్ చాలన్నాడు. దానితోపాటు హెల్మెట్, రెయిన్‌కోటు కొని ఇచ్చి, మిగిలింది కాలేజీ ఫీజుకు ఇచ్చారు.

ఆ రోజు పాత్రలు ఇచ్చిన ఇరుగుపొరుగు ఎవరు? ఒకరి ముఖం ఒకరికి తెలియని మనుషులు, ఒక ఫోనులో కలిసినవాళ్లు. కాబట్టి ఫోను పొరుగువాణ్ణి దాచగలదు, పొరుగువాణ్ణి చూపించనూ గలదు. తేడా ఆ కిందికి దిగి వచ్చిన నాలుగు మెట్లలో ఉంది.

అందుకని మన సంఘం ముందు కొన్ని మాటలు పెడుతున్నాం. ఆలోచించి పెద్దల కూడికలో మాట్లాడుకుందాం.

తల్లిదండ్రులకు: పిల్లలకు డబ్బు పంపిన రోజు ఫోను కూడా చేయండి. ఫోన్‌పేలో టింగుమన్న శబ్దం మీ గొంతు కాదు. మాట్లాడినప్పుడు పరీక్ష సంగతి ఆఖరున అడగండి. తిన్నావా, ఆరోగ్యం ఎట్లుంది, డబ్బులు సరిపోతున్నాయా అని ముందు అడగండి. లేదు అని చెబితే ఆ మాట చెప్పినందుకు మెచ్చుకోండి. ఇవ్వడానికి మీ దగ్గర లేకపోయినా, లేదు బిడ్డా, ఏదో ఒకటి చూద్దాం అన్న మాట కూడా వాణ్ణి యాప్ నుంచి కాపాడుతుంది.

యౌవనస్థులకు: కొత్త యాప్‌లు ప్రయత్నించండి, మేలైనవి మాకూ నేర్పించండి. కానీ యాప్ ఏది అడుగుతోందో చదవకుండా సరే అని నొక్కకండి. టార్చి లైటు యాప్‌కు మీ కాంటాక్టులు ఎందుకు? అప్పు యాప్‌కు మీ ఫొటోలు ఎందుకు? తప్పనిసరై ఆన్‌లైన్‌లో అప్పు తీసుకోవాల్సి వస్తే, ఇచ్చేది ఏ బ్యాంకు, ఏ ఫైనాన్స్ కంపెనీ అన్న పేరు ముందు కనుక్కోండి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు తమవని తెలిపిన యాప్‌ల జాబితా 2025 జూలై నుంచి రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంది. అందులో పేరు లేనిదాన్ని నమ్మకండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అవసరం లేదని, పిన్ కొట్టారంటే డబ్బు పోతుందని ఇంట్లో అమ్మానాన్నలకూ చెప్పండి. మోసపోయి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి. యాప్ వాళ్లు బెదిరిస్తుంటే మెసేజ్‌లు చెరిపేయకండి, స్క్రీన్‌షాట్లు దాచి పోలీసులకు ఇవ్వండి. అన్నిటికన్నా ముందు, ఆ రాత్రి ఒంటరిగా గదిలో కూర్చోకండి. పక్క మంచం మీద ఉన్నవాణ్ణి లేపండి. మాకు ఫోను చేయండి, ఎంత రాత్రయినా సరే. మార్చిన ఫొటో చూసి మిమ్మల్ని అసహ్యించుకునేవాళ్లు ఈ సంఘంలో ఉండకూడదు. మీ ప్రాణం ఏ అప్పు కన్నా విలువైనది. దాని కోసం ప్రభువు తన రక్తాన్నే ఇచ్చాడు.

సంఘానికి: ఒక చిన్న చేబదులు నిధి పెట్టుకుందాం. మన అక్కచెల్లెళ్లు పొదుపు సంఘాల్లో ఎన్నో ఏళ్లుగా పైసా పోకుండా లెక్కలు నడుపుతున్నారు. ఆ అనుభవం ఉన్న ఇద్దరు సహోదరీలు, ఒక పెద్ద కలిసి దీన్ని చూసుకుంటే చాలు. వడ్డీ ఉండకూడదు. ఎంత పోగయింది, ఎంత ఇచ్చాం అన్న లెక్క సంఘం ముందు పెట్టాలి. ఎవరికి ఇచ్చాం అన్న పేరు పెట్టకూడదు. ఆ పేరు మైకులోకి రాకూడదు, వాట్సాప్ గ్రూపులోకీ రాకూడదు, ప్రార్థన మనవిగా కూడా రాకూడదు. ఎలీషా మూయించిన తలుపు మూసే ఉండాలి. తిరిగి కట్టడానికి గడువు వాళ్లనే చెప్పమందాం. కట్టలేకపోతే ఇంకోసారి కూర్చుని మాట్లాడదాం. కానుకలకు పెట్టిన క్యూఆర్ కోడే దీనికీ పనికొస్తుంది. పాత్రలు ఎవరివైనా ఫర్వాలేదు, తక్కువ కాకుండా ఉంటే చాలు.

ఇందులో డబ్బు పోయే అవకాశం లేదా అంటే, ఉంది. ఒకరిద్దరు తిరిగి ఇవ్వకపోవచ్చు. కానీ బిడ్డ పోవడం కన్నా డబ్బు పోవడం చిన్న నష్టం అని మా అభిప్రాయం. ఒక బిడ్డ రాత్రి పదకొండు గంటలకు ఫోను చేతిలో పట్టుకుని, ఎవరిని అడగాలి అని ఆలోచించినప్పుడు, యాప్ పేరు కన్నా ముందు మన సంఘం పేరు అతనికి గుర్తు రావాలి. అది జరిగితే మన పరిచర్య ఫలించినట్టే.

ప్రార్థన: అడిగినవారిని గద్దించని మా పరలోకపు తండ్రీ, మా చేతుల్లోకి వచ్చిన ఈ కొత్త వస్తువులను పరీక్షించే జ్ఞానం మాకు దయచేయండి. అశోక్‌నగర్‌లో, చిక్కడపల్లిలో, నారాయణగూడలో గదుల్లో ఒంటరిగా ఉన్న మా బిడ్డలను కాపాడండి. అప్పులవాని భయంలో ఉన్నవారికి ఈ రాత్రే ఒక తోడును పంపండి. మా నోటి నుంచి దెప్పిపొడుపు తీసివేసి, మా ఇంటి తలుపు, మా సంఘం తలుపు మీ తలుపులా ఉండేటట్టు చేయండి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.